తోడల్లుడి ముద్ర

కడుపుమంట మీద గ్లాసుడు నీళ్ళయినా కాగవని పెద్దల్లుడి భార్య అంటూ ఉంటుంది. ఆవిడ మాట తప్పని చెప్పడానికి ఆయన దగ్గర ఆరు నెలల సాక్ష్యం ఉంది. ఆ ఆరు నెలల్లో, ఎవరూ అడగకుండా, మధ్యాహ్న భోజన విరామంలో సగం వదులుకొని, ఆయన పదకొండు విమాన ఇంజన్ల కాగితాలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండోసారి తనిఖీ చేశాడు. ఇంత ఓపికకు మూలం వృత్తిధర్మం కాదు. ఆ పదకొండింటి మీదా తోడల్లుడి ముద్ర ఉంది. అంతే.

ఇంజన్లను విప్పి, బాగుచేసి, తిరిగి బిగించే ఆ షాపులో వాళ్ళిద్దరికీ పేర్లు లేకపోలేదు. కాని అక్కాచెల్లెళ్ళను చేసుకున్న ఇద్దరు మగవాళ్ళు ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుంటే లోకానికి వాళ్ళ పేర్లతో పనిలేదు. ముందు ఫిట్టర్లు సరదాకి పెద్దల్లుడు, చిన్నల్లుడు అన్నారు. తరవాత మేనేజరు అన్నాడు. చివరికి గేటు దగ్గర కాపలా మనిషి కూడా, పెద్దల్లుడుగారు లోపలికెళ్ళారు, చిన్నల్లుడుగారు ఇంకా రాలేదు అని ఫోనులో చెప్పేదాకా వచ్చింది. ఇంతకీ ఆ మామగారెవరో షాపులో ఒక్కరికీ తెలియదు.

రికార్డుల గది మేడమీద ఉంది. దాని ఒక గోడ నిండా అద్దం. అద్దంలోంచి చూస్తే కింద అసెంబ్లీ హాలు, పసుపు స్టాండ్ల మీద సగం సగం కట్టిన ఇంజన్లు కనిపిస్తాయి. కింద పని చేతులది, పైన పని కళ్ళది. ఇంజనులో ఒక బ్లేడు విరిగితే చుట్టూ ఉన్న తొడుగు దాన్ని లోపలే ఆపగలదు. ఆ బ్లేడ్లన్నిటినీ పట్టుకొని గిర్రున తిరిగే బరువైన డిస్కు పగిలితే మాత్రం, ఎగరగలిగినంత తేలికైన ఏ తొడుగూ దాన్ని ఆపలేదు. అందుచేత డిస్కులకు, షాఫ్టులకు, అలాంటి ఇరవై భాగాలకు పుట్టినప్పుడే ఆయువు రాసి పెడతారు. జాతకంలా రాసేది కాదు; పరీక్షించి, లెక్కగట్టి రాసేది. విమానం ఒకసారి లేచి దిగితే ఒక సైకిల్. రాసిన సైకిళ్ళు పూర్తయిన రోజున ఆ డిస్కు అద్దంలా మెరుస్తున్నా సరే, తీసేయవలసిందే. లోహానికి పట్టిన అలసట కంటికి కనిపించేదాకా ఆగుదామనుకుంటే అప్పటికి చూడటానికి విమానం మిగలదు. ఏ డిస్కు ఎన్ని సైకిళ్ళు తిరిగింది, ఇంకా ఎన్ని మిగిలాయి అని కాగితం మీద నిలబెట్టడమే ఆ గది పని.

పెద్దల్లుడు ఆ పని ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నాడు. నోటిలెక్కలో ఆయనది పేరున్న బుర్ర. ఐదంకెల సంఖ్యలు నాలుగు చెబితే, చెప్పినవాడు ఊపిరి తీసుకునేలోగా మొత్తం చెప్పేవాడు. అసలు ఆ బుర్రను చూసే మామగారు పిల్లనిచ్చాడు. మామగారు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మొదటిసారి చూసిన రోజున, ఉద్యోగం సంగతి అడగకుండా, పదిహేడుని ఇరవైమూడు పెట్టి హెచ్చవేయమన్నాడు. జవాబు విని, లోపలికి తిరిగి భార్యతో, కుదిరిపోయిందే అన్నాడు. పద్నాలుగేళ్ళపాటు ఆ ఇంట్లో అల్లుడంటే ఆయనొక్కడే.

రెండో అల్లుడు వచ్చాక కూడా మొదట్లో ఇబ్బంది లేదు. అతను వేరే ఊళ్ళో ఏదో యంత్రాల గిడ్డంగిలో పనిచేసేవాడు. ఆ గిడ్డంగి మూతపడితే, అత్తగారు పెద్దల్లుడి దగ్గర కూర్చుని, మీ చేతిలో పని కదా బాబూ అంది. ఆయన మేనేజరుతో మాట్లాడి పెట్టించాడు. పక్కన కూర్చోబెట్టుకొని పని నేర్పాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని అప్పుడు తెలియలేదు.

చిన్నల్లుడికి నోటిలెక్క రాదు. ఏడూ ఎనిమిదీ కూడాలన్నా పెన్సిలు తీస్తాడు. ప్రతి లెక్కా మెట్టు మెట్టుగా, స్కూలు పిల్లాడిలా కాగితం మీద పరుస్తాడు. పెద్దల్లుడు దాన్ని చూసి ముసిముసిగా నవ్వుకునేవాడు. అయితే రెండేళ్ళు తిరగకుండా ఆ నత్తనడక మనిషే, ఒక షాఫ్టు కాగితాల్లో ఉన్న నంబరుతో తృప్తిపడక, భూతద్దం పట్టుకొని హాల్లోకి దిగి, ఇనుము మీద చెక్కిన నంబరు చదివి, రెండిటికీ ఒక అంకె తేడా ఉందని కనిపెట్టాడు. అది వేరే షాఫ్టు. దానికి నిండా నాలుగు వందల సైకిళ్ళు కూడా మిగల్లేదు. మేనేజరు అందరి ముందూ అతని భుజం తట్టాడు. ఆ తరవాత ఏడాదికి, చివరి ముద్ర పట్టుకొనే పెద్దాయన వెళ్ళిపోతే, బొటనవేలంత ఆ రబ్బరు ముద్ర చిన్నల్లుడి బల్ల సొరుగులోకి చేరింది. అది పడనిదే ఏ ఇంజనూ గేటు దాటదు. దానికోసం పెద్దల్లుడు తన సొరుగులో ముందే చోటు చేసి పెట్టుకున్నాడు. స్టేప్లరు పక్కన ఆ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది.

ఆదివారం అత్తవారింట్లో భోజనాల దగ్గర మామగారు ఆ ఖాళీలోనే వేలు పెట్టేవాడు.

"అయితే అల్లుడుగారూ, ఇప్పుడు మీ కాగితాలు కూడా మా చిన్నల్లుడు చూస్తేగాని చెల్లవటగా?"

"చెల్లవండి."

"మరి ఆయన కాగితాలు మీరు చూడక్కర్లేదా?"

"అక్కర్లేదండి."

బల్ల కింద పెద్దమ్మాయి మొగుడి పాదం మీద పాదం వేసి నొక్కింది. మామగారు ఆగలేదు. జవాబు ఎవడైనా చెప్తాడనీ, మెట్లు చూపించినవాడే లెక్కలవాడనీ, ముప్పై ఏళ్ళు తను పిల్లలకు అదే చెప్పాననీ అన్నాడు. పదిహేడు ఇరవైమూళ్ళ సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నది గోడకు తగిలించిన మాట కాదు, కుర్చీలో కూర్చుని వడ్డించమని అడుగుతుంది అనుకున్నాడు పెద్దల్లుడు. అంతకన్నా భరించలేనిది మరొకటుంది. చిన్నల్లుడు తల వంచుకొని, నాదేముంది మామయ్యగారూ, అంతా అన్నయ్య నేర్పిందే అన్నాడు. గొప్ప వాడిదే, వినయమూ వాడిదే. ఎదుటివాడికి మిగల్చడానికి ఏదో ఒకటి ఉంచాలి కదా!

ఆ మర్నాటి నుంచే ఆయన రహస్య తనిఖీ మొదలైంది. అందరూ భోజనానికి వెళ్ళగానే తోడల్లుడు ముద్ర వేసిన ఫైలు తీసేవాడు. ఒక్కో భాగానికీ మిగిలిన సైకిళ్ళు తన బుర్రలో లెక్కగట్టి, చిన్నల్లుడు రాసిన జవాబుతో పోల్చేవాడు. జవాబు సరిపోతే పేజీ తిప్పేవాడు. మెట్లు చదివే అలవాటు ఆయనకు లేదు. ఒక ఇంజను సరిపోయింది. రెండోదీ సరిపోయింది. ఐదోది సరిపోయిన రోజున ఇంటికి వెళ్ళి కారణం లేకుండా తలుపు గడియ మీద విసుక్కున్నాడు. పదకొండు ఇంజన్లలో, రెండు వందల ఇరవై భాగాల్లో, ఒక్క తప్పు లేదు. ఒక మనిషి మరో మనిషిని ఇంత శ్రద్ధగా చదవడం ప్రేమలో కూడా అరుదు.

పన్నెండో ఇంజను ఫైలు ఒక మంగళవారం చేతికి వచ్చింది. అందులో తొమ్మిదో భాగం ఒక టర్బైను డిస్కు. దాని చరిత్ర చిన్నదే. పుట్టిన తరవాత మొదట వేరే సంస్థవారి ఇంజనులో ఆరు వేల సైకిళ్ళు తిరిగింది. అది ఎక్కువ శక్తితో నడిచే ఇంజను. ఆ తరవాత ఈ షాపు ద్వారా తక్కువ శక్తి ఇంజనులోకి మారి, ఐదేళ్ళలో పదకొండు వేల నాలుగు వందలు తిరిగింది. ఇక్కడే ఈ వృత్తిలో ఒక మెలిక ఉంది. ఎక్కువ శక్తి ఇంజనులో ఆ డిస్కు ఆయువు పదిహేను వేలు. తక్కువ శక్తి ఇంజనులో ఇరవై వేలు. రెండిట్లోనూ తిరిగినదానికి సైకిళ్ళు కూడితే చాలదు. ఎక్కడ తిరిగినప్పుడు ఆయువులో ఎన్నో వంతు ఖర్చయిందో చూసి, ఆ వంతులు కూడాలి. పదిహేను వేలలో ఆరు వేలంటే నూటికి నలభై. ఇరవై వేలలో పదకొండు వేల నాలుగు వందలంటే నూటికి యాభై ఏడు. మొత్తం తొంభై ఏడు. మిగిలింది నూటికి మూడు, అంటే ఆరు వందల సైకిళ్ళు.

షీటులో రెండు వేల ఆరు వందలు అని ఉంది. కింద చిన్నల్లుడి ముద్ర ఉంది.

పెద్దల్లుడు ఇంకోసారి నోటితో లెక్క వేశాడు. తన బుర్ర మీద అంత నమ్మకం ఉన్నవాడు కూడా, మూడోసారి కాగితం తీశాడు. ఆరు వందలే. ఈసారి రెండు వేల నాలుగు వందల సైకిళ్ళ దాకా విప్పనక్కర్లేదని ఇంజను యజమానులు అనుకుంటున్నారు. అంటే మూడు నెలలు నిక్షేపంగా ఎగిరి, ఆ తరవాత తొమ్మిది నెలలపాటు ఆ విమానం ఆయువు తీరిన డిస్కుతో జనాన్ని మోస్తుంది. ఈ ఆలోచనకు ఒళ్ళు జలదరించాలి. ఆయన ఒళ్ళు పులకరించింది. అలా పులకరించినందుకు సిగ్గు కూడా పడ్డాడు గాని, అది ఒక గుక్క మంచినీళ్ళు తాగేపాటి సేపే.

గడియారం ఒంటిగంటా ఇరవై చూపిస్తోంది. అద్దంలోంచి కిందికి చూశాడు. భోజనం ముందే ముగించుకొచ్చిన ఫిట్టర్లు ఆ డిస్కు మీదే బోల్టులు బిగిస్తున్నారు. పక్కన చిన్నల్లుడు భూతద్దంతో వంగి ఉన్నాడు.

అనుమానం వచ్చిన క్షణమే, ఏ పనిలో ఉన్నా వదిలి, ఇంజనుకు ఎర్ర చీటీ కట్టాలన్నది ఆ షాపులో మొదటి నియమం. కొత్తవాళ్ళకు ఆ పాఠం చెప్పేది పెద్దల్లుడే. అయినా ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు. రేపు పదిగంటలకు మేనేజరూ, ఇంజను యజమాని తరపువాళ్ళూ అందరూ కూర్చుంటారు. అప్పుడు ఫైలు తెరిచి మర్యాదగా, చిన్న సందేహం అంటే చాలు. ముప్పు ఉన్నది మూడు నెలల తరవాత. రేపటిదాకా ఇంజను స్టాండు దిగదు. కనక ఒక్కరోజు ఆగితే ఎవరి ప్రాణానికీ నష్టం లేదు. లెక్క పక్కాగా ఉంది. చెడ్డపని చేయబోయే మనిషి లెక్కలో సాధారణంగా తప్పు దొర్లదు.

కేసు పూర్తిగా బిగించాలంటే, డిస్కు ఈ షాపుకు మొదటిసారి వచ్చినప్పటి పాత షీటు కూడా ఉండాలి. చిన్నల్లుడు దాన్ని ఎక్కడ తప్పుగా చదివాడో అది చెబుతుంది. ఆయన లేచి, వెనక ఇనప బీరువాల దగ్గరికి వెళ్ళాడు. పెట్టె కిందికి దించుతూ, రేపు మేనేజరు మొహం ఎలా ఉంటుందో, ఆదివారం మామగారి మొహం ఎలా ఉంటుందో వరసగా చూసుకున్నాడు. షీటు బయటికి తీశాడు.

'వాడినవి 6,000. మిగిలినవి 14,000.'

ఇరవై వేలలోంచి ఆరు వేలు తీసేస్తే పద్నాలుగు వేలు. అందులోంచి తరవాత తిరిగిన పదకొండు వేల నాలుగు వందలు పోతే, చిన్నల్లుడు రాసిన రెండు వేల ఆరు వందలు. కొత్త ఇంజను ఆయువులోంచి పాత ఇంజను సైకిళ్ళు నేరుగా తీసేశారు. మొదటి తరగతి పిల్లాడు చేసే తీసివేత, ఈ వృత్తిలోవాడు మాత్రమే చేయగల తప్పు. కింద సంతకం ఉంది. చివరి అక్షరానికి తోక పొడుగ్గా లాగి, దాని కింద రెండు చుక్కలు పెట్టే ఆ సంతకం షాపు మొత్తానికీ తెలుసు. అది ఆయనదే. మెట్లు లేవు. ఉండవు కూడా, అంతా నోటిలెక్కే.

ఆ రోజు ఏమైందో గుర్తు తెచ్చుకుందామని చూశాడు. జ్వరమా, ఇంట్లో గొడవా, ఎవరైనా తొందరపెట్టారా? ఏదీ తట్టలేదు. తేదీ చూస్తే మామూలు గురువారం. సాకు అంటూ దొరికి ఉంటే ఆయనకు కొంత తేలిగ్గా ఉండేది.

గోరుచుట్టు మీద రోకటిపోటు తగిలినవాడు కూడా కాసేపటికి వేలు కదిపి చూసుకుంటాడు. పెద్దల్లుడు కదిపి చూసుకున్నాడు. షాపుకు ఎన్నిసార్లు వచ్చినా ఆయువును పుట్టుక నుంచి మళ్ళీ లెక్కించాలి, పాత షీటులోని మిగులును ఎత్తి రాయకూడదు అని నియమం స్పష్టంగా ఉంది. చిన్నల్లుడు ఎత్తి రాశాడు. కాబట్టి రేపు ఆయన చెప్పబోయేదంతా నిజమే. చివరి ముద్ర ఎవరిది అని మాత్రమే తప్పు నమోదుచేసే ఫారం అడుగుతుంది. అబద్ధం ఆడనక్కర్లేదు, కాగితం చింపనక్కర్లేదు. ఈ పెట్టెను ఉన్నచోట పెట్టేస్తే చాలు. పెట్టె రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు.

పెట్టకుండా ఆపింది అంతరాత్మ అని చెబితే బాగుంటుంది గాని, నిజానికి ఆపింది కుతూహలం. ఏడూ ఎనిమిదీ కూడటానికి పెన్సిలు తీసే మనిషి ఇక్కడెందుకు తియ్యలేదు? పాత ఫైళ్ళు దింపి, ఇన్నాళ్ళూ ముట్టని మెట్లు మొదటిసారి చదివాడు. ప్రతి భాగానికీ పుట్టుక నుంచి మొదలైన లెక్క, ముత్యాల్లాంటి అంకెల్లో ఉంది. అక్కడక్కడ ఒకటి రెండు భాగాలకు మాత్రం మెట్లు లేవు. పదకొండు ఫైళ్ళలో అలాంటివి తొమ్మిది. ఆ తొమ్మిదింటి పాత షీట్ల మీదా ఉన్నది తోక సంతకమే. వాటి జవాబులు సరిగ్గానే ఉన్నాయి. అది అదృష్టం.

ఆయన అద్దం మీద వేళ్ళతో కొట్టి, పైకి రమ్మని సైగ చేశాడు. చిన్నల్లుడు చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"భోంచేశారా అన్నయ్యా?"

"తలుపెయ్యి. తొమ్మిదో నంబరు డిస్కుకి ఎంత మిగిలింది?"

"రెండు వేల ఆరు వందలు."

"పుట్టుక నుంచి వేశావా?"

చిన్నల్లుడు కొంచెం తడబడ్డాడు. "లేదన్నయ్యా. పాత షీట్లోంచి ఎత్తుకున్నా."

"మిగతావన్నీ వేశావుగా. దీనికేం రోగమొచ్చింది?"

"దానిమీద మీ సంతకం ఉంది కదా."

నిప్పు ముట్టుకుంటే కాలుతుంది అన్నంత మామూలుగా చెప్పాడు ఆ మాట. అందులో ముఖస్తుతి లేదు, ఎత్తిపొడుపూ లేదు. పెద్దల్లుడు వెతికాడు, ఏ మూలా దొరకలేదు. ఆరు నెలలుగా తను వాడి ప్రతి అంకెనూ అనుమానంతో తవ్వుతుంటే, వాడు తన అంకెల మీద కళ్ళు మూసుకొని నడుస్తున్నాడు. ఇందుకు సంతోషించాలో, చెంప ఛెళ్ళుమనిపించాలో ఆయనకు తెలియలేదు.

"నా సంతకాన్ని నమ్మమని నీకు ఏ నియమంలో రాశారయ్యా? వెయ్యి. ఇప్పుడు వెయ్యి."

చిన్నల్లుడు పెన్సిలు తీసి నిలబడే వేశాడు. ఆరు వందలు దగ్గర చెయ్యి ఆగింది. ఇంకోసారి పైనుంచి కిందికి చూసుకున్నాడు. తరవాత అద్దంలోంచి కిందికి చూసి, బిగించేశారు అన్నాడు నెమ్మదిగా. గోడకున్న కొక్కెం నుంచి ఎర్ర చీటీ తీస్తూ గడియారం వైపు, బల్ల మీద పరిచిన ఫైళ్ళ వైపు చూశాడు.

"మీకెప్పుడు తెలిసిందన్నయ్యా?"

రెండుంబావు అయింది. ఇన్ని ఫైళ్ళు ఐదు నిమిషాల్లో పరవలేరని రికార్డుల మనిషికి వేరే చెప్పనక్కర్లేదు. పెద్దల్లుడు ఫైళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాడు. చిన్నల్లుడు మళ్ళీ అడగలేదు. చీటీ బల్ల మీద పెట్టి, పెన్సిలు జేబులో పెట్టుకొని పెన్ను తీశాడు.

"నేనే రాస్తాను. ముద్ర నాది, వెయ్యాల్సిన లెక్క వెయ్యలేదు, అదీ నేనే. ఆ పాత షీటు ఊసు ఇప్పుడెందుకు, లోపల పెట్టెయ్యండి. ఇన్నేళ్ళ పేరు మీది. నాదంటే నిన్నా మొన్నటిది, పోతే మళ్ళీ వస్తుంది."

అరగంట క్రితం పెట్టె పట్టుకొని నిలబడ్డప్పుడు పెద్దల్లుడు కోరుకున్నది సరిగ్గా ఇదే. కోరుకున్నది పళ్ళెంలో పెట్టి ఇస్తుంటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. రేపు వీడు తప్పు నెత్తిన వేసుకొని మౌనంగా ఉంటాడు. మౌనం ఎన్నాళ్ళు దాగుతుంది? పెళ్ళానికి చెప్తాడు, ఆవిడ అక్కకు చెప్తుంది, అక్కడి నుంచి మామగారి కుర్చీ రెండడుగులు. తోడల్లుడి పరువు కోసం తన ముద్ర వదులుకున్నవాడని ఆ ఇంట్లో గోడలు కూడా వాడికేసే చూస్తాయి. తప్పు తనదై, గొప్ప వాడిదై, జీవితాంతం తను వాడికి ఎదురుగా కూర్చొని తినాలి. ముద్ర ఇచ్చేశాడు, మామగారిని ఇచ్చేశాడు. ఆఖరికి తన తప్పు కూడా వాడికే ఇవ్వడమా?

"ఆ చీటీ ఇలా ఇయ్యి."

"అన్నయ్యా, మీరు..."

"నా తప్పు నేను రాసుకోగలను. నువ్వేం నా తరఫున పెద్దమనిషివి కానక్కర్లేదు."

చీటీ వెనక మూడు వాక్యాలు రాశాడు. ఐదేళ్ళ క్రితం ఈ డిస్కు మిగులును నేను తప్పుగా లెక్కించాను. ఇప్పుడు చివరి ముద్ర వేసినవారు పుట్టుక నుంచి లెక్కించకుండా నా అంకెను ఎత్తి రాశారు. నాకు ఒంటిగంటా ఇరవైకి తెలిసింది, చీటీ కట్టింది రెండున్నరకు. మూడో వాక్యం ఎవరూ అడగలేదు. కాని అది రాయకపోతే చిన్నల్లుడు దాన్ని కడుపులో దాచుకుంటాడని, ఆ దాచడం కూడా ఒక ఉపకారమవుతుందని ఆయనకు తెలుసు. తోక సంతకం పెట్టి, ముందు తనే మెట్లు దిగాడు.

హాల్లో ఫిట్టర్ల పెద్ద, నల్లద్దాలాయన, అల్లుళ్ళిద్దరూ జంటగా దిగి రావడం చూసి, ఏంటండీ, మామగారికి ఒంట్లో బాగానే ఉందా అన్నాడు. ఎర్ర చీటీ చూశాక నవ్వు మింగి, బోల్టు మీద ఉన్న చెయ్యి తీసేశాడు.

మేనేజరు అరిచే మనిషి కాదు; అది ఇంకా కష్టం. చీటీ వెనక మూడు వాక్యాలూ రెండుసార్లు చదివాడు. మూడోదాని దగ్గర తలెత్తి, ఒక గంటా పది నిమిషాలు ఏం చేశారు అని అడిగాడు. పెద్దల్లుడు, రేపటికోసం ఆగాను అన్నాడు. ఎందుకు అని ఆయన అడగలేదు. షాపులో అందరికీ తెలిసిన సంగతి ఆయనకు మాత్రం తెలియకుండా ఉంటుందా? ఆలస్యానికి పెద్దల్లుడికి రాతపూర్వకంగా మందలింపు వచ్చింది. ఆయన నోటిలెక్కతో రాసిన షీట్లు రెండు వందల పద్నాలుగు తేలాయి. అవన్నీ మళ్ళీ లెక్కించేదాకా లెక్కల షీట్ల మీద ఆయన సంతకం ఆపేశారు. చిన్నల్లుడి ముద్ర నెలరోజులకు బీరువాలోకి వెళ్ళింది. పక్క విభాగం నుంచి ఒక పరీక్షకురాలు వచ్చి ముద్ర వేసే పనీ, ఆ షీట్లు మళ్ళీ లెక్కించే పనీ రెండూ చేసింది. రెండు వందల పద్నాలుగులో ఇంకొకటి తప్పని తేలింది. అందులో డిస్కుకు ఉన్న ఆయువుకన్నా తక్కువ రాసి ఉంది. దానివల్ల ఎవరికీ ముప్పు లేదని ఆవిడ ఓదార్పుగా అంది. ముప్పు లేని తప్పు ఎంత చప్పగా ఉంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం, చిన్నల్లుడు నోరు తెరవకముందే, ఆయనే మామగారికి మొత్తం చెప్పేశాడు. ఆలస్యం సంగతితో సహా చెప్పాడు. పెద్దమ్మాయి వడ్డిస్తున్న గరిటె గాల్లో ఆగిపోయింది. మామగారు పళ్ళెంలోంచి తలెత్తి, మెట్లు రాయకపోతే సగం మార్కులే బాబూ అన్నాడు. పాస్ చేశాడా, ఫెయిల్ చేశాడా అన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

ఆ డిస్కును తీసేశారు. ఆరు వందల సైకిళ్ళ కోసం ఇంజనును మూడు నెలల్లో మళ్ళీ విప్పడం వృథా అని యజమానులు దాన్ని వదులుకున్నారు. వదులుకున్న డిస్కును ముక్కలు చేయాలి. చూడటానికి బాగున్న వస్తువు ఏ చేతుల మీదుగానో మళ్ళీ ఇంకో ఇంజనులోకి చేరకూడదని ఆ నియమం. కోసే ముందూ, కోసిన తరవాతా ఇద్దరు సాక్షులు నంబరు చదివి సంతకం చేయాలి. సాక్షి సంతకానికి ముద్ర అక్కర్లేదు. మేనేజరు, ఏం ఆలోచించాడో, ఇద్దరు అల్లుళ్ళనూ పంపాడు.

షెడ్డులో వెల్డరు మంట వెలిగించాడు. డిస్కు నిజంగానే అద్దంలా ఉంది. ఒక గీత లేదు, మచ్చ లేదు. పెద్దల్లుడు వంగి నంబరు ఒక్కో అంకె చదివి ఫారంతో సరిచూశాడు. మంట ఆగాక నాలుగు ముక్కలు రేకు మీద పొగలు కక్కుతూ పడ్డాయి. నంబరున్న ముక్క చల్లారేదాకా ఆగి మళ్ళీ చదివి, మొదటి గడిలో సంతకం పెట్టాడు. పెన్ను తోడల్లుడికి అందించాడు.

చిన్నల్లుడు పెన్ను అందుకొని ఫారం మీదికి వంగాడు.

"చదివి పెట్టు. నేను చదివానని ఊరుకోకు."

చిన్నల్లుడు పెన్ను జేబులో పెట్టి, నేలమీద గొంతుక్కూర్చుని, భూతద్దం తీశాడు. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. నాలుగో అంకె దగ్గర ఆగాడు. మసి తుడిచి మళ్ళీ చూశాడు. వెల్డరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకొని నిలబడ్డాడు. చిన్నల్లుడు లేచి ఫారం చూసి, మళ్ళీ కూర్చున్నాడు. పెద్దల్లుడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏంటి, తప్పేమైనా దొరికిందా?"

"ఇంకా చదువుతున్నానన్నయ్యా."

పెద్దల్లుడు కూడా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. వాడు ఐదో అంకెకు వచ్చేలోగా ఆరోది తను చదివేశాడు.